అందరికీ ఒకే ఊపిరి

గాంధీపురం, కోయంబత్తూరు
ఆగస్టు 1995

అమ్మకు,

తిలకవతి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను, తమ్ముడు అయ్యప్పన్ క్షేమం. మదురైలో నువ్వు, మామవాళ్ళు క్షేమంగా ఉండారని తలుస్తాను. ఇంతవరకు ఆచారానికి రాసినాను. నిజం చెప్పాలంటే నేను బాగలేను. ఒంట్లో ఏమీ లేదు, కోపం. అన్నం ముందర కూర్చుంటే కోపం, బస్సులో నిలబడితే కోపం. ఎవరైనా పక్కన దగ్గితే చాలు, ఒళ్ళంతా మండిపోతా ఉండాది.

నువ్వు బడికి పోకపోయినా తాత ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిన తెలుగు అక్షరాలు నీకు ఉండాయి, అవే నువ్వు నాకు నేర్పినావు. ఈ జాబు నువ్వే చదువుకో. మామకు ఇవ్వొద్దు. చదివినాక ఇవ్వాలనిపిస్తే అప్పుడు ఇవ్వు.

ముందు నీ ప్రశ్నలకు జవాబు. దగ్గు తగ్గిందా అని అడిగినావు. తగ్గింది, అది వట్టి జలుబు. ఇద్దరూ వేళకు తింటా ఉండారా అని అడిగినావు. తింటా ఉండాము. తమ్ముడికి నా సాంబారు నచ్చదు, చింతపండు ఎక్కువంట. తానే వండుతాడు, నాకంటే బాగా వండుతాడు.

అవినాశి తేరు గురించి నేను రాసిన వార్త మామ చదివి వినిపించినాడనీ, చాలా బాగుందనీ రాసినావు. 'ఇట్లాంటివే రాయి తల్లీ, దేవుడి పని. మిల్లు జోలి మనకెందుకు?' అని కూడా రాసినావు. అమ్మా, ఆ తేరు వార్త నాకు వేసిన శిక్ష. ఎందుకు వేసినారో ఇప్పుడు రాస్తాను.

పొంగలప్పుడు రాసిన జాబులో, నాయన బీడీ ఎప్పుడు మానినాడు అని నిన్ను అడిగినాను. 'ఎందుకు ఆ పాత మాటలు? ఆయన మానిందెక్కడ?' అని నువ్వు రాసినావు. దానికి జవాబు ఆఖర్న రాస్తాను. అందాకా ఓపిక పట్టి వరుసగా చదువు.

మా పేపరు ఆఫీసులో కంప్యూటర్ల గది ఒకటి ఉండాది. పేజీలు అందులోనే కడతారు. ఏసీ గది. లోపలికి పోవాలంటే చెప్పులు బయట విప్పాలి, మెషీను మీద దుమ్ము పడకూడదంట. పని అయిపోతే దానికి గుడ్డ కప్పుతారు. నాయన ఇరవై రెండేళ్ళు ఈ ఊరి మిల్లులో, కార్డింగ్ సెక్షన్లో దూది దువ్వే మెషీను పక్కన నిలబడినాడు. సాయంత్రం ఇంటికి వస్తే కనుబొమల మీద, చెవుల్లో, ముక్కులో తెల్లగా పొట్టు. ఆయనకు ఎవరు ఏ గుడ్డ కప్పినారు? ఆ గదిలోకి పోయేటప్పుడంతా నాకు ఇదే తలపు.

ఆ గది చూసుకునేది జోతిమణి, నా ఈడుదే. పోయిన ఏడు మద్రాసులో రిపోర్టర్లకు ఒక ట్రైనింగు పెట్టినప్పుడు మేమిద్దరం పోయినాము. కంప్యూటరు అక్షరాలు కొట్టడానికి మాత్రమే కాదు, వందల కాగితాల్లో ఉండే సంగతులను ఒకచోట చేర్చి, ఏది దేనితో కలుస్తుందో అడిగితే చూపిస్తుంది అని అక్కడ నేర్పినారు. ఊరికి తిరిగి వచ్చేటప్పుడు రైల్లోనే జోతిమణి అడిగింది, 'నీ దగ్గర వందల కాగితాలు ఏముండాయి?' అని. నా దగ్గర లేవు. మిల్లు కార్మికుల సంగంలో ఉండాయి.

మిల్లు సంగం సెక్రెటరీ ఇరుళప్పన్ అన్న నీకు తెలుసు, జబ్బుతో పని మానుకుని మదురై చేరిన నాయన పోయినప్పుడు అక్కడికి వచ్చి మూడు దినాలు మనతోనే ఉండినాడు. ఊపిరి జబ్బుతో పని మానుకున్నవాళ్ళు నష్టపరిహారం కోసం మిల్లు మీద వేసిన దరఖాస్తులు, పదిహేనేళ్ళవి, సంగం బీరువాలో కట్టలు కట్టలుగా పడి ఉండాయి. అన్నీ కొట్టేసినవే. ప్రతిదానికీ మిల్లు డాక్టరు సర్టిఫికెట్టు తగిలించి ఉంటుంది. 'దూది దుమ్ముకు సంబంధం లేదు. బీడీ అలవాటు వల్ల వచ్చిన జబ్బు.'

'అమ్మణీ, ఒక్కొక్కటిగా చదివితే డాక్టరు చెప్పింది నిజమే అనిపిస్తుంది,' అన్నాడు ఇరుళప్పన్ అన్న. 'నాకే అనిపించింది. అందుకే ఒక్క కేసూ గెలవలేకపోతిమి.'

ఆ కట్టలన్నీ నేనూ జోతిమణీ కంప్యూటర్లోకి ఎక్కించినాము. పేజీల పని మధ్యాహ్నం పైన మొదలవుతుంది, పొద్దున మెషీన్లు ఊరికే ఉంటాయి. నేను చదివేది, ఆమె కొట్టేది. పేరు, ఆడా మగా, ఏ సెక్షను, ఎన్నేళ్ళు పని, డాక్టరు ఏమి రాసినాడు. మార్చి వచ్చేసరికి అయిపోయింది. అప్పుడు అడగడం మొదలుపెట్టినాము. ఈ జబ్బుపడినవాళ్ళు ఏ సెక్షనువాళ్ళు? ముక్కాలు మంది దూది బేళ్ళు విప్పే గదిలోనో, కార్డింగ్‌లోనో పని చేసినవాళ్ళు. నూలు చుట్టే చోట కొద్దిమంది. ప్యాకింగ్ నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఆఫీసు రూము నుంచి ఒక్కడూ లేడు. ప్యాకింగ్‌వాడూ బీడీ తాగుతాడు, ఆఫీసు గుమాస్తా కూడా తాగుతాడు. మరి అది కార్డింగ్‌వాడి ఊపిరినే ఎందుకు తింటుంది? బీడీకి సెక్షను తెలుసా అమ్మా?

తరువాత జోతిమణి ఆడవాళ్ళను మాత్రం విడదీసి చూపించమని మెషీనును అడిగింది. తెర నిండా పేర్లు వచ్చినాయి. ప్రతి పేరు పక్కన 'బీడీ అలవాటు'. మన ఆడవాళ్ళు, అమ్మా! రక్కమ్మాళ్‌కు బీడీ, వళ్ళియమ్మాళ్‌కు బీడీ, సంతానలక్ష్మికి బీడీ. ఏసీ గదిలో కూర్చుని మేమిద్దరం చెమటలు కార్చినాము.

కంప్యూటరు చెప్పింది కదా అని రాసేయలేదు. అది సొంతంగా ఏమీ చెప్పదు, మనం పెట్టిందే వరుసగా పేర్చి చూపిస్తుంది. అందుకని బతికుండేవాళ్ళ ఇళ్ళకు పోయినాను. ఉప్పిలిపాళయంలో, సింగానల్లూరులో సందు సందూ తిరిగినాను. మగవాళ్ళలో బీడీ తాగినవాళ్ళు ఉండారు, అదీ రాసుకున్నాను, దాచలేదు. ఆడవాళ్ళలో ఒక్కరూ లేరు.

ఆరోగ్యమేరి అని ఒక పెద్దమ్మ ఉండాది. మనలాగే తెలుగింటి మనిషి, వాళ్ళ తాతల కాలంలో వేదంలో కలిసి కిరస్తానీలు అయినారు. పెళ్ళి చేసుకోలేదు. బేళ్ళు విప్పే గదిలో పని చేసి, ఆదివారం కోవెల్లో పాడేది. అందరికంటే పైకి పోయే గొంతు ఆమెదేనంట. సర్టిఫికెట్టులో రాసింది ఆమెకు చదివి వినిపించినాను.

'ఎవరు? నేనా? బీడీయా?' అని నవ్వింది. నవ్వు దగ్గు అయింది. దగ్గు ఎంతకూ ఆగలేదు. పక్కింటామె వచ్చి వీపు నిమిరింది. ఆగినాక పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, 'తల్లీ, ఈ కాగితం వల్లనేనా ఫాదరు నన్ను అట్ల చూసింది? పాట మానుకోమని చెప్పి, పొగ సంగతి పాపసంకీర్తనలో చెప్పుకోమన్నాడు. నాకు అప్పుడు అర్థం కాలేదు,' అని అడిగింది.

అసలు దొంగతనం ఆ తరువాత దొరికింది. ఊపిరి ఎంత ఉండాదో చూడడానికి గొట్టంలో ఊదిస్తారు కదా, దానికొక అంకె వస్తుంది. అదీ ప్రతి సర్టిఫికెట్టులో రాసి ఉంటుంది. మేము దాన్ని కూడా ఎక్కించినాము గాని పట్టించుకోలేదు. ఒకనాడు జోతిమణి ఊరికే ఆ అంకెల వరుసలో పేర్చమని మెషీనుకు చెప్పింది. నూట ఎనభై, నూట ఎనభై, నూట ఎనభై. తెర కిందికి జరిపేకొద్దీ అదే. ముసలివాళ్ళకు, పడుచువాళ్ళకు, బక్క ఆడమనిషికి, ఆరడుగుల మగవాడికి అందరికీ ఒకే ఊపిరి! ఏడేళ్ళ తేడాతో వచ్చినవాళ్ళకు కూడా అదే. అంటే ఏమిటమ్మా? ఎవరినీ ఊదించలేదు. ఎవరి గుండె మీదా గొట్టం పెట్టలేదు. ఒక కాగితం చూసి ఇంకో కాగితం రాసినారు. ఒక్కొక్కటిగా చదివిన ఇరుళప్పన్ అన్నకు అది ఎట్ల కనిపిస్తుంది? అన్నీ పక్కపక్కన నిలబెడితేనే కనిపిస్తుంది.

ప్రింటు తీసుకుని డాక్టరు దగ్గరికి పోయినాను. ఆయన మాటా రాయాలి కదా, అది మా పేపరు ధర్మం.

'ఏమమ్మా, నువ్వు డాక్టరా?' అన్నాడు.

'కాదు సార్.'

'మరి ఆ కంప్యూటరు డాక్టరా?'

'అదీ కాదు సార్. ఇంతమంది ఆడవాళ్ళకు బీడీ అలవాటు అని రాసినారు. ఎవరు తాగగా చూసినారు?'

'మొగుళ్ళు తాగుంటారు. ఇంట్లో ఆ పొగ పీల్చుంటారు.'

'ఆరోగ్యమేరికి పెళ్ళే కాలేదు సార్.'

'అయితే ఆమె అబద్ధం చెప్తా ఉండాది.'

ఎంత సులభంగా అనేసినాడో! ఈగను తోలినట్ల. నూట ఎనభై సంగతి అడిగినాను. ఆయన ఫోను తీసి మా ఎడిటరుకు కొట్టినాడు.

నేను ఆఫీసుకు చేరేలోపల ఎడిటరు సుబ్రమణియం సారు నా కోసం కాచుకుని ఉండినాడు. చెడ్డవాడు కాదమ్మా, నాకు రాయడం నేర్పింది ఆయనే. అందుకే ఇంకా కోపం. మిల్లులు ఇచ్చే అడ్వర్టైజుమెంట్లు లేకపోతే పేపరు నడవదు అని సూటిగా చెప్పి ఉంటే ఒప్పుకోకపోయినా అర్థం చేసుకునేదాన్ని. ఆయన అట్ల అనలేదు. 'తిలకవతీ, ఒకవైపు డాక్టరు చదువు, ఒకవైపు నీ మెషీను లెక్క. ఏది నిలబడుతుంది?' అన్నాడు.

'ముందు పేపర్లో నిలబడనీ సార్, తరువాత చూస్తాము,' అన్నాను.

'అవినాశిలో తేరు జరుగుతా ఉండాది. పోయి రాసుకుని రా.'

పోయినాను. ఎర్రటి ఎండలో వేలమంది తేరు లాగినారు, నేను రాసినాను. అదే మీకందరికీ నచ్చింది.

కాని నా ప్రింట్లు నా దగ్గరే ఉండాయి కదా. పేపరు వద్దన్నాక వాటిని ఇరుళప్పన్ అన్న చేతిలో పెట్టినాను. ఆఫీసు రహస్యం కాదు, సంగం కాగితాలనుంచి వచ్చిందే, సంగానికే ఇచ్చినాను. ఆయన వకీలును పట్టుకుని, కొట్టేసిన కేసులన్నీ కలిపి లేబర్ కోర్టులో మళ్ళీ వేసినాడు. జూన్‌లో మొదటి వాయిదా. జోతిమణి సాక్ష్యం చెప్పింది, ఎట్ల ఎక్కించినాము, ఎట్ల సరిచూసినాము అని. మిల్లు వకీలు ఆమెను చాలా గద్దించినాడు. ఆమె జంకలేదు. 'మెషీను తప్పు చేసిందనుకుంటే కాగితాలు ఇక్కడే ఉండాయి సార్, మీరే చేత్తో పేర్చి చూడండి,' అనింది. తరువాత డాక్టరును బోనెక్కించి, ఇంతమందికి ఒకే ఊపిరి ఎట్ల ఉంటుందని జడ్జి అడిగినాడు. గుమాస్తా పొరపాటు అన్నాడు డాక్టరు. 'ఏడేళ్ళు అదే పొరపాటా?' అన్నాడు జడ్జి. కోర్టులో ఉండినవాళ్ళంతా ఒక్కసారిగా దగ్గినట్ల నవ్వినారు.

బతికుండేవాళ్ళందరినీ బయటి డాక్టర్లతో కొత్తగా పరీక్ష చేయించమని ఆర్డరు వేసినారు. పోయిన నెల అది అయింది. ఆరోగ్యమేరి పెద్దమ్మకు దూది దుమ్ము జబ్బే అని రాసిచ్చినారు. ఇంకా చాలామందికి అదే. కోర్టు వార్త కాబట్టి మా పేపరు కూడా వేయక తప్పలేదు. నా పేరు లేకుండా, లోపలి పేజీలో వేసినారు. పోనీ.

ఇంక నేను దాచిపెట్టినది రాస్తాను.

తమ్ముడికి మిల్లులో పని పోయింది. జూన్‌లోనే. నీకు చెప్పొద్దని వాడే నన్ను ఆపినాడు. మొదటి వాయిదా అయిన వారం మిల్లు ఆఫీసరు వాణ్ణి పిలిచి, టైపు కొట్టిన కాగితం ముందర పెట్టినాడంట. 'మా నాయన పెరుమాళ్‌సామి బీడీ అలవాటు వల్లనే చనిపోయినాడు. మా అక్క మిల్లు మీద కక్షతో ఇదంతా చేస్తా ఉండాది.' సంతకం పెట్టమన్నాడు. వీడు ఒక గంట టైము అడిగి, ఆ కాగితం జేబులో పెట్టుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చినాడు.

'అక్కా, అమ్మ చెప్పే మాటే కదా ఇందులో ఉండేది. ఇది అబద్ధమా?' అని అడిగినాడు.

నేను వాణ్ణి కంప్యూటర్ల గదిలోకి పిలుచుకుపోయినాను. చెప్పులు విప్పి వచ్చి నిలబడినాడు. జోతిమణి ఆ వరుస తెరిచింది. నూట ఎనభై, నూట ఎనభై. వాటి నడుమ ఒక పేరు. పెరుమాళ్‌సామి, కార్డింగ్. నూట ఎనభై. బీడీ అలవాటు.

ఎవరినీ తెర తాకనివ్వని జోతిమణి, వీడు ఆ పేరు మీద వేలు పెట్టి అట్లే నిలబడితే నిలబడనిచ్చింది.

తిరిగిపోయి ఆఫీసరుతో, 'మా నాయన ఊపిరి కొలిచిన రోజు మీరు అక్కడ ఉండినారా? ఉండింటే ముందు మీరు సంతకం పెట్టండి, దాని కింద నేను పెడతాను,' అన్నాడంట. మరుదినం గేటు దగ్గరే నిలిపేసినారు. ఇప్పుడు ఇక్కడ గాంధీపురంలోనే ఒక జవుళి షాపులో మూటలు దించుతా ఉండాడు. నామోషీ పడలేదు. వాడి గురించి నువ్వు ఏడవొద్దు, వాణ్ణి చూస్తే నాకు గర్వంగా ఉండాది.

నేను దాచింది ఇది ఒకటే కాదు. నాయన పేరు నాకు మార్చిలోనే కనిపించింది. అయిదు నెలలు నీకు రాయలేకపోయినాను.

అమ్మా, నాయన నీతో అబద్ధం చెప్పలేదు. జబ్బు మొదలవుతానే బీడీ మానేసినాడు. మానేసినానని నీతో ఎన్నిసార్లు చెప్పినాడు! పిల్లల మీద ఒట్టు పెట్టినాడు. 'చదువుకున్న డాక్టరు అబద్ధం రాస్తాడా? నీ నోటిని నమ్మేదా, ఆయన కాగితాన్ని నమ్మేదా?' అని నువ్వు అరిచేదానివి. ఆ డాక్టరు నాయనను ఊదించనే లేదు. నోరు తెరవమని కూడా అడగలేదు. ముందు ఎవరికో రాసింది చూసి నాయనకు రాసినాడు. ఆ ఒక్క మాట నమ్మి నువ్వు ఆయన మంచం తిన్నె మీదికి మార్చినావు. ఆఖరి ఏడాది ఆయనతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. నాయన కూడా చెప్పడం మానేసినాడు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

నిన్ను అనడానికి ఇది రాయలేదు. మార్చిలో రాసుంటే అనేదాన్నేమో. అప్పుడు నీ మీద కూడా కోపం వచ్చింది, ఎందుకు దాచాలి, చాలా వచ్చింది. ఇప్పుడు లేదు. వాళ్ళు నాయన ఊపిరి తీసుకున్నారు, అది మిల్లు పని. కాని దాంతో ఊరుకోక మన ఇంట్లోకి వచ్చి, మొగుడి మాట పెండ్లానికి అబద్ధంగా చేసి పోయినారు. దీనికి ఏ కోర్టులో పరిహారం అడిగేది? నా కోపమంతా ఇది. ఆరదు. ఆరాలని కూడా నాకు లేదు.

ఈ జాబు ఇప్పుడు రాయడానికి కారణం ఉండాది. బతికినవాళ్ళను మళ్ళీ పరీక్ష చేసినారు. పోయినవాళ్ళను ఎట్ల పరీక్ష చేసేది? వాళ్ళ కేసులు ఇంటివాళ్ళ సాక్ష్యం మీదనే నిలబడాలి అంటాడు వకీలు. వినాయకచవితి అయినాక వాయిదా. పెరుమాళ్‌సామి తరఫున చెప్పాల్సింది నువ్వే. 'మీ అమ్మ ఆయనను నమ్మలేదు కదా, ఆమెను పిలిస్తే మనకే దెబ్బ,' అని వకీలు మొదట భయపడినాడు. నేను ఆయనకు ఒక సంగతి చెప్పినాను, ఆయన లేచి నిలబడినాడు.

నువ్వు నమ్మలేదు కాబట్టే వెతికినావు. దినమూ చొక్కా జేబులు తిరగేసి చూసేదానివి. గుడ్డలు వాసన చూసేదానివి. దిండు కింద, గోడ సందుల్లో, దొడ్డి తడిక వెనక వెతికేదానివి. నేను చిన్నదాన్ని, వాకిట్లో కూర్చుని చూసేదాన్ని. ఏడాది పొద్దుకూ అంత అనుమానంతో వెతికినావు కదమ్మా, ఒక్క బీడీ దొరికిందా? ఒక్క తునక? ఒక్క అగ్గిపుల్ల?

ఆ మాట వచ్చి జడ్జితో చెప్పు. తెలుగులోనే చెప్పు, నేను పక్కన నిలబడి అరవంలోకి మారుస్తాను. తమ్ముడు శుక్రవారం బస్సెక్కి నిన్ను పిలుచుకురావడానికి వస్తాడు.

ఇట్లు,
పెరుమాళ్‌సామి కూతురు, నీ కూతురు,
తిలకవతి